పన్నెండు చూపిస్తోంది

కిందటి వారం డాక్టరమ్మ అడిగిన ప్రశ్నను గాల్లో వేలాడదీసి వచ్చేశాం. కొత్తగా చేరినవాళ్ళ కోసం కథ ఒకసారి చెప్పుకుందాం. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

గడియారాలు బాగుచేసే ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. ఎంతో ఆలోచించి పెట్టిన పేర్లున్నా వాటిని అటకెక్కించి, ఇల్లంతా పరుగులు తీసే పెద్దదాన్ని పెద్దముల్లనీ, కూర్చోబెట్టిన చోటే కూర్చునే చిన్నదాన్ని చిన్నముల్లనీ పిలవడం మొదలుపెట్టాడు. వీధి కూడా ఆ పిలుపుకే అలవాటు పడింది. పెద్దముల్లు టికెట్ల కౌంటర్లో ఉద్యోగం చేస్తుంది. చిన్నముల్లు తండ్రి పక్క బల్ల మీద కూర్చుని, పాత గడియారాల ముఖాల మీద చెరిగిపోయిన అంకెలను సన్నని కుంచెతో మళ్ళీ దిద్దుతుంది. ఆ పనికి చూపే ఆస్తి.

ఆ చూపే ఇప్పుడు ప్రమాదంలో ఉంది. చిన్నప్పుడు చిన్నముల్లు తలలో నీరు చేరితే, అది దిగిపోవడానికి సన్నని గొట్టం వేశారు. ఆ గొట్టం పూడుకుపోతే తలలో ఒత్తిడి పెరుగుతుంది, పెరిగిన ఒత్తిడి ముందు కంటి నరం మీద పడుతుంది. అందుకని ఈమధ్యే పుర్రె కింద కందిగింజంత సెన్సరు పెట్టారు. దానికి తీగా లేదు, బ్యాటరీ లేదు. అరచేతిలో పట్టే రీడరును జుట్టు మీద ఆనిస్తే, దాన్నుంచే కాస్త శక్తి అందుకుని లోపలి ఒత్తిడి ఎంతుందో చెబుతుంది. పది, పన్నెండు ఉంటే పరవాలేదు. ఇరవై అయిదు దాటితే వెంటనే రమ్మని చెప్పి ఇంటికి పంపారు.

ఇంట్లో చూస్తే ముప్ఫై దాటింది. పరుగున కొండ మీది ఆస్పత్రికి తీసుకొస్తే పన్నెండు. ఊరట పడి కిందికి వెళ్తే మళ్ళీ ముప్ఫై. పడుతూ లేస్తూ పైకి వస్తే మళ్ళీ పన్నెండు. డాక్టరమ్మకు విసుగొచ్చింది. కిందటి వారం చివర్లో, అందరి ముందూ, చిన్నముల్లును సూటిగా అడిగేసింది: "ఈ అంకె నువ్వే పెంచుకుంటున్నావా?"

చిన్నముల్లు మంచం మీద గోడ వైపు తిరిగింది. పెద్దముల్లు తల తిప్పుకుని కిటికీలోంచి చూసింది. గదిలో ఆ నలుగురితో పాటు రీడరు తయారుచేసిన కంపెనీ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ కూడా ఉంది. ఆవిడ అప్పుడే రీడరును పరీక్షించి, సంచీలో తన సామాన్లు సర్దుకుంటోంది.

"అంటే ఏమిటమ్మా?" అన్నాడు గడియారాలాయన. "ఎలా పెంచుకుంటుంది? అదేమన్నా రేడియో గొంతా, తిప్పితే పెరగడానికి?"

"పెంచుకోవచ్చు పెద్దాయనా," అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయపెట్టింది. "ఊపిరి బిగబట్టి పొట్ట బిగించినా పెరుగుతుంది. తల మంచం మీంచి కిందికి వేలాడేసినా పెరుగుతుంది. మీ పెద్దమ్మాయి కళ్ళారా చూశానని చెప్పింది."

ఆయన పెద్దకూతురి వైపు తిరిగాడు. పెద్దముల్లు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "చూశాను నాన్నా," అంది. "తల కిందికి వేలాడేసి పడుకుంది. నేను గదిలోకి రాగానే గబుక్కున లేచి కూర్చుంది. మరుక్షణం రీడరు పెడితే ముప్ఫై నాలుగు. నేనేమనుకోవాలి?"

"కుంచె పడిపోయిందక్కా," అంది చిన్నముల్లు మంచం మీంచి. "మంచం కిందకి పోయింది. వెతుక్కుంటున్నా."

"పక్కనే ఉంది కదే కుంచె! చెయ్యి చాస్తే అందేంత దగ్గర. దానికోసం అంతసేపు వెతికావా?"

చిన్నముల్లు ఇక నోరు మూసుకుంది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. నిజం చెప్పి, ఎదుటివాళ్ళు నమ్మకపోతే, రెండోసారి చెప్పదు. నమ్మించడమంటే అడుక్కోవడమని అనుకుంటుంది. ఇలాంటివాళ్ళతో వేగడం ఎంత కష్టమో ఇంట్లో ఒకళ్ళుంటే తెలుస్తుంది.

డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. "చూడమ్మా, నా ఇబ్బంది నీకూ తెలియాలి. నీ మెదడులో నీరుండే గదులు చిన్నప్పటి జబ్బుతోనే గట్టిపడిపోయాయి, ఒత్తిడి పెరిగినా ఉబ్బవు. అందుకే స్కానులో ఏమీ తెలీదు. కంటి నరం మీద పాత మచ్చలున్నాయి, కొత్త వాపు వచ్చినా కంటి డాక్టరుకు తెలీదు. మిగిలింది ఈ సెన్సరొక్కటే. ముప్ఫై నిజమైతే ఈపాటికి నిన్ను థియేటర్లో పడుకోబెట్టి గొట్టం మార్చేసేదాన్ని. పన్నెండు నిజమైతే నీ తల తెరవడం తప్పు. రక్తం కారొచ్చు, చీము పట్టొచ్చు, ఇప్పుడు బాగా పనిచేస్తున్న గొట్టాన్ని నేనే చెడగొట్టినదాన్నవుతా. నా చేత్తో పెట్టి చూసినప్పుడల్లా పన్నెండే చూపిస్తోంది. నేను నా కళ్ళను నమ్మాలా, మీ ఇంట్లో అంకెను నమ్మాలా?"

"నొప్పి ఉంది డాక్టరుగారూ," అంది చిన్నముల్లు. అంతే అంది.

"ఉండొచ్చు. నొప్పి అబద్ధమని నేననను. దానికి ఇంకో డాక్టరున్నారు, మనసు సంగతులు చూస్తారు. ఆయనకు రాసిస్తాను. ఇవాళ ఇంటికి వెళ్ళండి."

ఇంటికి వెళ్ళండి అన్న మాట గడియారాలాయనకు చెంపదెబ్బలా తగిలింది. ఆయన స్వతహాగా నెమ్మదస్తుడు. స్ప్రింగు విరిగిందని కసురుకునే ఖాతాదారుతో కూడా కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. అలాంటివాడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కూతురు అబద్ధాలకోరని నలుగురిలో తేల్చేస్తుంటే, కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. డాక్టరమ్మ మీద చూపించే ధైర్యం లేదు, రేపు కత్తి పట్టేది ఆవిడే. పెద్దకూతురి మీద చూపించే మనసు లేదు. చివరికి దొరికింది, సంచీ జిప్పు వేసుకుంటున్న ఇంజనీరమ్మ.

"నా బిడ్డది తప్పంటారు కానీ, మీ డబ్బాది తప్పని ఒక్కరూ అనరేం?" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. "పరీక్ష చేశానండీ. తెర బావుంది, సిగ్నలు బావుంది, బ్యాటరీ బావుంది. అన్నీ..."

"ఏం పరీక్ష చేశారో ఏమో! నా దగ్గరికి రోజూ పాత వాచీలు వస్తాయి. ఎంత చవకరకం వాచీ అయినా అతుకుల దగ్గర ఖాళీ వదలరు. మీరు? తలకాయకు పెట్టుకునే వస్తువుకి వీపు మీద రంధ్రం వదిలేసి ఇచ్చారు. సూది దూరేంత రంధ్రం! దుమ్ము పోదా అందులోకి? చెమట పోదా? ఇంటికి తెచ్చిన రోజే నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. నీళ్ళలో దిగేవాళ్ళ వాచీలకు వాడే జిగురు పెట్టి మూసేశాను. అద్దంలా మూసేశా. మీరిందాక అటూ ఇటూ తిప్పి చూశారే, కనిపెట్టారా? కనిపెట్టలేరు. మా పని అలా ఉంటుంది. మీ పని ఇలా ఉంటుంది!"

ఆయన రొప్పుతూ, తన మాట దెబ్బకి అందరూ నోరెళ్ళబెట్టారని అనుకున్నాడు. ఇంజనీరమ్మ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆవిడ సంచీ కింద పడేసి, రీడరు తీసి, వెనక్కి తిప్పి, కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంది. తర్వాత దాని మీద గోటితో గీరి చూసింది.

"మూసేశారు," అంది డాక్టరమ్మతో. "మేడమ్, గాలి రంధ్రం మూసేశారు."

"అయితే?" అన్నాడు గడియారాలాయన.

ఆవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోమంది. కూర్చున్నాక, తనూ పక్కన కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు కాకుండా, సాటి పనివాడికి చెప్పినట్టు చెప్పింది. "మీరు పాలు కొన్నారనుకోండి. గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేస్తారు కదా? తలలో ఉన్న సెన్సరు కూడా గిన్నెతో కలిపే తూస్తుందండీ. బయటి గాలి మనందరి మీదా మోపే బరువు కూడా అందులో కలిసి ఉంటుంది. ఆ గిన్నె బరువు రీడరు తీసేయాలి. తియ్యాలంటే బయట గాలి ఎంతుందో తెలియాలి. తెలుసుకోవడానికి ఆ రంధ్రం. అది పొరపాటున వదిలింది కాదు, కావాలని పెట్టింది."

ఆయన రీడరు వీపు వైపు మెడ చాచి చూశాడు.

"మీ షాపు కింద, సముద్రం పక్కన. అక్కడ గాలి బరువెక్కువ. మీరు రంధ్రం మూసినప్పుడు ఆ గాలే లోపల ఉండిపోయింది. కింద చూసినంతసేపూ లోపలి గాలీ, బయటి గాలీ ఒకటే. అంకె నిజం. ఈ కొండెక్కాక గాలి పల్చబడింది. రీడరుకి ఆ సంగతి తెలీదు. ఇంకా కింది గిన్నె బరువే తీసేస్తోంది. తియ్యాల్సిన దానికంటే ఎక్కువ తీసేస్తోంది."

"అంటే ముప్ఫై..." అంది పెద్దముల్లు.

"ముప్ఫై నిజమండీ. పన్నెండు అబద్ధం."

గడియారాలాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. జీవితమంతా ఆ చేతులు చూసుకుని గర్వపడినవాడు. ఒక్కసారిగా పిచ్చివాడిలా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. "నేనా?" అన్నాడు. "నేనే చేశానా?" ఆయన్ని చూస్తే ఎంత కోపంలో ఉన్నవాళ్ళకైనా జాలేస్తుంది. నాకైతే వేసింది.

డాక్టరమ్మ మాత్రం జాలికి తీరిక లేని మనిషి. "లెక్క వేసి చెప్పినదాన్ని నమ్మి నేను తల తెరవను," అంది. "ఇంకో రీడరు తెప్పించండి."

"ఒక్కో సెన్సరుకి ఒక్క రీడరే జత మేడమ్. ఇంకోటి ఈ సెన్సరుకి సరిచేసి పంపాలంటే రెండు మూడు రోజులు."

"అన్ని రోజులు ఆగితే కంటి నరం ఉంటుందో లేదో. కిందికి తీసుకెళ్ళి చూద్దామా? కొండదారి కుదుపుల్లో ఈ అమ్మాయిని తిప్పడం నాకిష్టం లేదు. ఆ జిగురు తియ్యలేరా?"

ఇంజనీరమ్మ తటపటాయించింది. "రంధ్రం వెనకాలే ఉల్లిపొరలాంటి పొర ఉంటుంది మేడమ్. సూది కాస్త లోతుకి దిగినా చిరిగిపోతుంది. చిరిగితే రీడరు చచ్చినట్టే. జిగురు ఎంత మందం పెట్టారో ఆయనకే తెలియాలి."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన తొడల కింద నుంచి చేతులు తీసి ముందుకు చాచాడు. వేళ్ళు ఆకుల్లా వణుకుతున్నాయి. సన్నపని చిన్నకూతురికి వదిలేసిందే అందుకు. కోపంతో, భయంతో ఇవాళ ఆ వణుకు మరీ ఎక్కువైంది.

"నేను తీస్తా," అంది చిన్నముల్లు.

"నువ్వు పడుకో," అంది పెద్దముల్లు.

"నాన్న చెప్తాడు, నేను తీస్తా. నాన్నా, నీ జేబులో సామాను ఉందిగా?"

ఉండక ఎక్కడికి పోతుంది. పెళ్ళికైనా, చావుకైనా, ఆయన చొక్కా జేబులో కంటికి పెట్టుకునే భూతద్దమూ, సన్నని ఉక్కు మొన ఉన్న పుల్లా ఉంటాయి. తీసిచ్చాడు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, మంచం తలవైపు పైకి లేపి, చిన్నముల్లు ఒళ్ళో ట్రే పెట్టించింది. వాంతి వస్తే పట్టడానికి పక్కన ఇంకో గిన్నె పెట్టించింది. రీడరు ట్రేలో బోర్లా పడుకుంది.

చిన్నముల్లు భూతద్దం కంటికి బిగించుకుని తల వంచింది. తల వంచగానే నొప్పి తన్నుకొచ్చి ఉండాలి, ముక్కు పుటాలు అదిరాయి. కానీ చెయ్యి కదల్లేదు. గడియారాలాయన వంగి ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అడగబోయి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఎంత మందం నాన్నా?"

"గోరు కంటే పల్చన. మధ్యలో పొడవకు. అంచు పట్టుకుని లేపు. ఆ జిగురు రబ్బరులా సాగుతుంది, తెగదు. ఒక మూల లేచిందంటే మొత్తం లేస్తుంది."

"ఇటు మూలా?"

"ఇంకొంచెం కిందకి. ఆఁ, అక్కడే. ఆగు, ఊపిరి వదిలి అప్పుడు చెయ్యి."

మొన అంచుకి తగిలి జారింది. ఇంజనీరమ్మ కళ్ళు మూసుకుంది. చిన్నముల్లు పుల్లను పక్కన పెట్టి, వేళ్ళు విదిలించుకుని, మళ్ళీ పట్టుకుంది. వరండాలో ఎవరిదో చక్రాల బండి కిర్రుమంటూ పోయింది. అది దూరమయ్యేదాకా ఆగి, మొనను అంచు కిందికి తోసి, పైకి తిప్పింది. చేప పొలుసులా జిగురు బిళ్ళ లేచి మొనకు అంటుకుని వచ్చేసింది.

"వచ్చింది," అని తండ్రి ఏడుపు గొంతుతో అన్నాడు.

ఇంజనీరమ్మ రీడరు లాక్కుని వెలుతురులో చూసి, పొర క్షేమమని తలూపింది. డాక్టరమ్మ మంచాన్ని చదును చేసి, చిన్నముల్లును వెల్లకిలా పడుకోబెట్టి, రీడరును ఎవరికీ ఇవ్వకుండా తనే జుట్టు మీద ఆనించింది. తెర మీద గీతలు తిరిగాయి. అందరూ మెడలు చాచారు. ఊపిరి బిగబట్టకు, మామూలుగా పీల్చుకో అని డాక్టరమ్మ చెప్పింది గానీ, ఆ గదిలో మిగతావాళ్ళంతా ఊపిరి బిగబట్టే ఉన్నారు.

ముప్ఫై ఆరు.

డాక్టరమ్మ రీడరు తీసి మళ్ళీ పెట్టింది. ముప్ఫై ఆరు. ఆవిడ గోడ దగ్గరికి రెండడుగుల్లో వెళ్ళి ఫోనెత్తింది. "థియేటరు ఖాళీ చేయించండి. మత్తు డాక్టరును పిలవండి. ఇప్పుడే." ఫోను పెట్టేసి మంచం దగ్గరికి వచ్చింది. "నన్ను క్షమించమ్మా. నువ్వు మొదటి రోజు నుంచీ నిజమే చెప్పావు."

చిన్నముల్లు చిన్నగా నవ్వింది. ఇన్నాళ్ళకు ఎవరో నమ్మారన్న ఆనందం ఆ నవ్వులో దాగలేదు. గడియారాలాయన కూతురి కాళ్ళ దగ్గర కూలబడి, పాదాలు పట్టుకుని భోరుమన్నాడు. "నా చేత్తో నేనే మూశానే తల్లీ. నిన్ను దొంగను చేశానే."

"ఊరుకో నాన్నా. దానికి నా చెమట తగలకూడదనే కదా మూశావు."

ఆయన తలెత్తాడు. కన్నీళ్ళు తుడుచుకోకుండానే ఆమె ముఖం దగ్గరికి జరిగాడు. ఇందాక గొంతులో ఆపుకున్న మాట, చెయ్యి బెదురుతుందని మింగేసిన మాట, ఇప్పుడు బయటికి వచ్చింది.

"చిన్నముల్లూ, నువ్వెప్పుడూ భూతద్దం కుడికంటికి కదే పెట్టుకుంటావు. ఇవాళ ఎడమకంటికి ఎందుకు పెట్టుకున్నావు?"

ఆమె నవ్వు ఆగిపోయింది.

డాక్టరమ్మ గబగబా జేబులోంచి చిన్న టార్చి తీసి, ఎడమకన్ను అరచేత్తో మూసి, కుడికంటి ముందు వెలిగించింది. "ఇది కనబడుతోందా?"

"ఏది?"

"నా చేతిలో ఉన్నది."

"ఏమీ కనబడటం లేదండీ."

తండ్రి మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ టార్చి ఆర్పలేదు. "ఎప్పట్నుంచి? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు, దాన్ని బట్టే నేనేం చెయ్యగలనో ఉంటుంది. ఎప్పట్నుంచి కనబడటం లేదు?"

"కుంచె పడిపోయిన రోజు నుంచి."

"అన్ని రోజులా? మరి ఎవరికీ చెప్పలేదేమ్మా?"

చిన్నముల్లు ఒకసారి చెప్పి, నమ్మకపోతే రెండోసారి చెప్పని పిల్ల కదా. కనబడే కన్ను కూడా డాక్టరమ్మ చేతి కింద మూసి ఉంది కాబట్టి, కిటికీ దగ్గర అక్క ముఖం ఎలా అయిపోయిందో ఆమెకు తెలియలేదు.

"చెప్పానండీ," అంది. "అదే రోజు అక్కకి చెప్పాను."